బస్తాకో దోసెడు, నీ కుట్టుమిషను

బిడ్డా సరోజా,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు పట్టలేనంత సంతోషం కలిగింది, నీకు చెప్పకుండా ఎట్లా ఉండను! పేద పిల్లలకు తిండి పెట్టి, పని నేర్పడానికి మన జనగామ బజారోళ్లం ధర్మసంఘం పెట్టుకున్నాం. దుకాణదారులు అమ్మిన ప్రతి బస్తా నుంచి దోసెడు గింజలు సంఘానికి తీసిపెడుతున్నారు. మేస్త్రీలు కూలి తీసుకోకుండా ఒకపూట పని చేసిపోతున్నారు. నేను నీ కుట్టుమిషను ఇచ్చాను తల్లీ, ఉద్యమంలో బడులు మూతపడ్డ ఏడాది నువ్వు కుట్టు నేర్చుకున్న మిషను.

నీ కాళ్లు అందడం లేదని తొక్కే పలక మీద నేను బిగించిన చెక్కను ఇవాళ ఊడదీయబోయాను. కుట్టు నేర్చుకోవడానికి తండా నుంచి వచ్చిన పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"దాన్నెందుకు పీకుతవ్ తాతా? నా కాళ్లు గూడ అందుతలేవు!"

చెక్క మీద కాలు పెట్టి తొక్కింది. ఆ చప్పుడు వింటూ దుకాణం తెరవడమే మరిచిపోయాను.

నీ బాపు