వేలాడే వైరు కొస

జూలై 3

నా బిడ్డ శ్రేయకు కంపెనీ నుంచి రెండో వార్నింగ్ మెయిల్ వచ్చింది. ఇన్సూరెన్స్ కస్టమర్‌తో మాట్లాడుతుండగా నెట్ పోయింది. మూడోసారి పోతే ఇంటి నుంచి పని రద్దు. హైదరాబాద్ ఆఫీసుకు రావాలి.

డాక్టరమ్మ చెప్పింది వేరు. ఏడో నెల. బాత్రూంకు తప్ప మంచం దిగొద్దు. ప్రయాణం మాటే ఎత్తొద్దు.

అల్లుడు సాగర్‌ది భూపాలపల్లి బొగ్గు గనిలో డ్యూటీ. ఫోన్ చేసి, నౌకరి పోతే పోనీ అన్నాడు. నీ నౌకరి అయితే గట్లనే అంటవా అని శ్రేయ అడిగింది.

జూలై 4

నెట్ లైను మేడ మీది గదిలోకి వస్తుంది. నా బిడ్డ ఉండేది కింద, వెనక గదిలో. మధ్యలో స్లాబు, గోడలు. అందుకే మెష్ Wi-Fi తెచ్చి మేడ మీద ఒక డబ్బా, హాల్లో ఒకటి, ఆమె గదిలో ఒకటి పెట్టాం. అవి గాలిలో ఒకదానికొకటి సిగ్నల్ అందించుకోవాలి. స్లాబు దగ్గరే తెగుతోంది.

నెట్ ఆపరేటర్ ధర్మేందర్ వచ్చి చూశాడు. అన్నా, మూడింటినీ వైరుతోని కలపాలె, గాలిని నమ్ముకుంటే గింతే అన్నాడు. మేడ మీది డబ్బాకు వైరు పెట్టే రంధ్రం ఒక్కటే ఖాళీ ఉంది. అక్కడి నుంచి రెండు డబ్బాలకు వైరు పోవాలంటే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్, అంటే ఒక వైరులో వచ్చే నెట్‌ను నాలుగైదు వైర్లకు పంచే పెట్టె, ఉండాలి.

అత్త సాలమ్మ అంతా విని, గోడకు గన్ని స్విచ్‌లు ఉండంగ ఇంకోటెందుకు బిడ్డా అంది. నా భార్య విజయ నవ్వింది. మెయిల్ వచ్చాక ఈ ఇంట్లో అదే మొదటి నవ్వు.

జూలై 5

మా పత్రిక ఆఫీసులో మూలన పడి ఉన్న పాత స్విచ్ తెచ్చాను. నెట్ వేగం వంద ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది. స్టిక్కర్ చూస్తే ఆ మోడల్ శక్తే అంత. అదైనా సర్దుకునేవాణ్ని. మధ్యమధ్యలో లైట్లు ఆరి వెలుగుతున్నాయి. పీకేశాను.

జూలై 6, మధ్యాహ్నం

స్టేషన్ రోడ్డులో ఎల్లస్వామి షాపు. రెండు స్విచ్‌లు ముందు పెట్టాడు. రెండూ గిగాబిట్, అంటే వేగం వెయ్యి దాకా పోతుంది. ఒకటి సాదాది, తగిలిస్తే పని చేస్తుంది. రెండోది సెట్టింగులున్నది. ఏ వైరైనా తిరిగి అదే స్విచ్‌లోకి వస్తే కనిపెట్టి ఆ దారి మూసేస్తుంది.

మెష్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. సాదాదే తీసుకోమన్నారు. సెట్టింగులున్నవాటిలో కొన్ని మా డబ్బాలతో పొసగవు అన్నారు. ధర్మేందర్‌ను అడిగాను. అదే మాట. ఎల్లస్వామి మాత్రం, ఇంట్ల చిన్న పిల్లలున్నరా సార్, వైర్లు గుంజి దేంట్లనన్న పెట్టేటోళ్లు అని అడిగాడు. లేరన్నాను. ఇగ సాదాది తీస్కపో సార్, పరేషాన్ ఉండది అన్నాడు.

సాదాది తెచ్చాను.

సాయంత్రం

ధర్మేందర్ వైర్లు లాగాడు. స్విచ్ హాల్లో పెట్టాడు. ఫోన్ యాప్‌లో రెండు డబ్బాల పక్కనా 'వైర్డ్' అని వచ్చింది. అవసరమైతే లాప్‌టాప్ పెట్టి చూసుకోమని స్విచ్‌కు ఒక చిన్న వైరు తగిలించి, రెండో కొస వేలాడేసి పోయాడు. దానికి దీనికి కుదిరిందా అల్లుడా అని సాలమ్మ అడిగింది. పెళ్లి సంబంధం అడిగినట్టే అడిగింది. కుదిరిందన్నాను.

జూలై 7

పోలేదు.

జూలై 8

పోలేదు. అయినా ప్రతి కాల్‌కు ముందు శ్రేయ నా వైపు చూస్తోంది. నేను స్విచ్ వైపు చూస్తున్నాను. మహబూబాబాద్‌లో పత్తి రైతుల ధర్నా ఉంది. వేరే మనిషిని పంపాను.

జూలై 10, 11.40

పోయింది. ఇల్లంతా పోయింది. స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కరెంటు తీసి పెట్టాను. మళ్లీ అదే. బాపూ జల్ది, కస్టమర్ లైన్ల ఉన్నడు అని శ్రేయ అరుస్తోంది. ధర్మేందర్ పాలకుర్తిలో ఉన్నాడట.

మధ్యాహ్నం

దొరికింది. చిన్న వైరు రెండు కొసలూ స్విచ్‌లోనే ఉన్నాయి. బయటికి పోయిన డేటా మళ్లీ అందులోకే వచ్చి, గిరగిరా తిరిగి, మొత్తం లైనును ముంచేసింది. ఒక కొస పీకాను. నెట్ వచ్చింది. కస్టమర్ అప్పటికే పోయాడు.

ఎవరు పెట్టారని అడిగాను. సాలమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేనే పెట్టిన, వైరు కొస గట్ల నేల మీద పడి ఉండె, పక్కకే బొక్క ఖాళీగున్నది, అండ్ల పెడితే సక్కగ కూసున్నది, కడుపుతోని ఉన్న పిల్ల తిరిగే ఇంట్ల వైరు గట్ల ఇడిసిపెడ్తరా అంది.

మాట నోటిదాకా వచ్చింది. ఆమె తమ్ముడు జఫర్‌గఢ్ దగ్గర పొలంలో, మోటారు స్టార్టర్ కింద పడి ఉన్న వైరు తొక్కి చనిపోయాడు. ఈ జిల్లాల్లో అలాంటి వార్తలు నేను ఎన్ని రాశానో లెక్క లేదు. అప్పటి నుంచి సాలమ్మ వైరు కొస కనిపిస్తే ఊరుకోదు. బట్టల తీగ కొసైనా చుట్టి కడుతుంది.

నేను ఏదో అనేలోపే గదిలోంచి శ్రేయ గొంతు వచ్చింది. మంచి పని చేసినవ్ అమ్మమ్మా, నా కాలికే తట్టేది అంది. నేను గుమ్మంలోకి వెళ్లేసరికి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

జూలై 11

టీమ్ లీడ్‌తో శ్రేయ మాట్లాడింది. వైరింగ్‌లో తప్పు జరిగిందని చెప్పింది. ఎవరి తప్పో చెప్పలేదు. రూల్ రూలే అన్నారు. సోమవారం ఆఫీసుకు రావాలి. రాకుంటే జీతం లేని సెలవు. తిరిగి వచ్చేసరికి సీటు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. ఆమెది ఏజెన్సీ కాంట్రాక్టు.

ప్రసూతి చట్టం వేరే చెప్తోంది, అడుగుదాం అన్నాను. అడుగుదాం బాపు, ఇప్పుడు కాదు, ఇప్పుడు ఓపిక లేదు అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

జూలై 12

సెట్టింగులున్న స్విచ్ తెచ్చి మార్చాను. మెష్ డబ్బాలతో ఏ గొడవా రాలేదు. ధర్మేందర్ కావాలనే వైరు రెండు కొసలూ అందులో పెట్టి చూశాడు. ఆ దారి ఒక్కటే మూసుకుంది. మిగతా ఇల్లు నడిచింది. గిప్పుడెందుకన్నా గిది అని అడిగాడు. పని చూసుకోమన్నాను.

కంపెనీ లాప్‌టాప్ కోసం మనిషి వచ్చాడు. విజయ తుడిచి ఇచ్చింది.

జూలై 14

పొద్దున సాలమ్మ పాలు తీసుకొని శ్రేయ దగ్గరికి వెళ్లింది. ఇయ్యాల ఫోన్ల మాట్లాడుతలేవేంది బిడ్డా అని అడిగింది.

సెలవిచ్చిన్రు అమ్మమ్మా, కాన్పయ్యేదాక అంది శ్రేయ.

మంచోళ్లు బిడ్డా, గసొంటి కంపెనీని ఇడువకు అంది సాలమ్మ.