పలకనివాళ్ళ అర

మింగళ తౌంగ్‌న్యున్,
యాంగోన్.

అమర్ బావకి రాధాకుమారి నమస్కారాలు. విశాఖలో నువ్వూ, మీ అక్క సూర్యావతి వదినా, ఆవిడ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ అత్తా బాగానే ఉన్నాం. కరెంటు ఉన్న పూట ఇంకొంచెం బాగుంటాం. సత్తిరాజు బాబాయికి విమానం టికెట్టు దొరికింది, అందుకని ఈ ఉత్తరం ఆయన చొక్కా జేబులో వస్తోంది.

నువ్వడిగినవాటికి జవాబులు. అత్త మోకాలి నొప్పి తగ్గింది. సైన్యం గద్దెనెక్కినప్పుడు రేవు ఆఫీసులో నీతోపాటు సమ్మె చేసినవాళ్ళ సంగతి కాగితం మీద పెట్టను, బాబాయినే అడుగు. నీ కోసం ఈమధ్య ఎవరూ ఇంటికి రాలేదు గానీ నువ్వు ఇప్పుడప్పుడే రాకు. నేను మింగళాడోన్ బట్టల ఫ్యాక్టరీ ఆఫీసుకే వెళ్తున్నాను. ఇక, యాంగోన్ నుంచి అచ్చెన్న అనే పెద్దాయన మన కేలెండరుకి ఫిర్యాదులు రాస్తున్నారు, నీకు తెలుసా అన్నావు. అది చివర్లో చెబుతాను. ముందు నిన్ను నాలుగు తిట్టాలి.

ఉత్తరమంతా మల్లికే. మల్లిక ఎంత ఓపికమంతురాలో, మల్లిక ఎంత శుభ్రంగా పని చేస్తుందో. అత్తకి చదివి వినిపిస్తూ ఆ ముక్కలన్నీ దాటేశాను. "ఏటే, ఉత్తరం ఇంత సిన్నదా?" అంది ఆవిడ.

పెళ్ళైన కొత్తలో మనిద్దరం సరదాగా చేరిన కేలెండరు ప్రోగ్రాం కదా అది. ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. ఊరూరివాళ్ళూ తమ పండగల కోసం చిన్న చిన్న యాడ్ఆన్‌లు రాసి దానికి తగిలిస్తారు. నేను రాసింది బర్మా నెలలూ మన తిథులూ పక్కపక్కన చూపిస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ళ కోసం అలాంటిది ఇంకెవరు రాస్తారు? వాటన్నిటినీ అరల్లో సర్దే పని నీది. ఆరు నెలలు పలకనివాళ్ళ సరుకు పలకనివాళ్ళ అరలోకి పోవాలనీ, అక్కణ్ణుంచి ఎవరైనా తీసుకుని సొంతం చేసుకోవచ్చనీ నియమం రాసిందీ నువ్వే.

నేనెందుకు పలకలేదో నీకు తెలియదా? సోల్జర్లు దారిలో ఆపి ఫోన్లు చూస్తున్నారని అన్నీ చెరిపేశాను. నీ ఫోటోలు పోయాయి, ప్రోగ్రాంలోకి వెళ్ళే పాస్‌వర్డూ పోయింది. ఆఫీసు కంప్యూటర్లో నా పేరుతో రాస్తే సమ్మె చేసినవాడి భార్యనని తెలిసిపోతుంది. ఇవన్నీ తెలిసి కూడా నియమం నియమమే అని కట్టుకున్నదాన్ని తీసుకెళ్ళి ఆ అరలో పెట్టావు. మల్లిక వచ్చి నా యాడ్ఆన్‌ని ఎత్తుకుంది. నా భార్యవని నిన్నొక్కదాన్నీ నియమం నుంచి వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారని రాశావు. నలుగురి సంగతి సరే, నేనేమనుకుంటానో ఆలోచించావా? నాకు కుళ్ళే బావా. ఆమె రోజూ నీతో మాట్లాడుతుంది. నేను మాట్లాడాలంటే ఎవరో ఒకరు విమానం ఎక్కాలి.

ఇక అచ్చెన్న సంగతి. అచ్చెన్నని నేనే.

సేక్కాన్ రేవులో బస్తాలు మోసిన మా తాత పేరు అది. ఎవరు ఏం వండినా వంక పెట్టేవాడు, అందుకే ఆయన పేరు పెట్టుకున్నాను. ఆఫీసులో తీరిక దొరికినప్పుడల్లా మల్లిక మీద ఫిర్యాదులు రాశాను. అక్షరాలు చిన్నవన్నాను, పెద్దవి చేసింది. రంగు కళ్ళు పొడుస్తోందన్నాను, మార్చింది. మార్చిన రంగు కూడా బాగోలేదన్నాను. "మీరు చెప్పాకే తెలిసింది తాతగారూ" అని మళ్ళీ మార్చింది. ఆ మంచితనం చూస్తే ఒళ్ళు మండిపోయేది.

అంతటితో ఆగినా బాగుండేది. ఈ ఏడు బర్మావాళ్ళకి, మన అధికమాసంలాగా, వాసో నెల రెండుసార్లు వస్తుంది కదా. ఆమె ఏదో సరిచేయబోయి రెండో వాసోని ఎగరగొట్టేసింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నలుగురిలో నవ్వులపాలైతే నీకూ బుద్ధొస్తుందనుకున్నాను.

ఒకరోజు పని నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటి వెంకాయమ్మ చెప్పింది, అత్త ఫొంజీ సన్యాసులకిచ్చే గుడ్డా అన్నం క్యారేజీ పట్టుకుని బౌద్ధ మఠానికి వెళ్ళిందని. గుడ్డలిచ్చే రోజు రెండో వాసో పున్నమి; అప్పుడు వెళ్ళాల్సిన మనిషి, నెల ముందే వెళ్ళింది. వీధిలోకి పోవడం మానేశాక ఆవిడకి ఫోన్లోని మన కేలెండరే పంచాంగం. దారి పొడుగునా తుపాకులు. నేను గుమ్మంలోనే కూర్చుని ఎదురుచూశాను.

చీకటి పడకముందే వచ్చింది. గుడ్డంతా బురద.

"సోల్జర్లు సంచీ ఇప్పించి రోడ్డు మీద పరిపించినారే. ఆనక ఒగ్గీసినారు. మఠంలో ఫొంజీగారేమో నవ్వి, వొచ్చే నెల రామ్మా అన్నారు."

"ఎవరినైనా అడిగి వెళ్ళకపోయావా అత్తా?"

"అడగడం ఏటి? పైన నీ పేరుంది గదా. నువ్వు సేసింది అబద్దం సెప్పదని ఎల్లినాను."

తప్పులు వెతికే నా కళ్ళకి ఇన్నాళ్ళూ ఆననిది అప్పుడు చూశాను బావా. మల్లిక తన పేరు ఎక్కడో అడుగున పెట్టుకుంది. పైన పెద్ద అక్షరాలతో నా పేరే ఉంచింది. అత్త కూర్చుని ఆ గుడ్డ ఉతికింది. నేను బక్కెట్టు పట్టుకుని నిలబడి ఏడ్చాను.

మర్నాడే అచ్చెన్న పేరుతో రెండో వాసో తప్పు రాసి పంపాను. మల్లిక వెంటనే సరిచేసి ఇలా రాసింది: "తాతగారూ, రాధాకుమారి గారు ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి. ఆవిడ దొరకకపోతే ఇది మీరే తీసుకోండి. మీకంటే బాగా ఎవరు చూస్తారు?" నా క్షేమం కోసం నా జాడ ఆమెకి కూడా చెప్పలేదన్నమాట నువ్వు.

నా యాడ్ఆన్ తిరిగి వచ్చింది, నాకు కాదు, తాతకి. ఇప్పుడు చచ్చిపోయిన ముసలాయన మీద కూడా కుళ్ళు పుట్టింది. వద్దమ్మా, నీ దగ్గరే ఉంచు, ఇక్కడ నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు అని జవాబిచ్చాను. రాధాకుమారి క్షేమంగా ఉందని మాత్రం నువ్వు ఆమె చెవిలో వెయ్యి.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. నోరు నొక్కేసిన ఊళ్ళవాళ్ళకి వేరే అర పెట్టు. మనిషి వచ్చేదాకా ఆ సరుకుని ఇంకొకరు చూసుకోవచ్చు గానీ సొంతం చేసుకోకూడదని నియమం రాయి. అది యాడ్ఆన్‌లకి మాత్రమే అనుకోకు. నువ్వూ ఆ అరలోనే ఉన్నావు.

ఇట్లు,
నీ భార్య, అచ్చెన్న తాత మనవరాలు,
రాధాకుమారి