మారెన్ రైఫిల్‌కి మజిల్ బ్రేకు

లూయిస్‌టౌన్, మోంటానా
23 సెప్టెంబరు 2019, సోమవారం

చెల్లెలు ఆల్మాకు,

అక్క సిగ్రిడ్ దీవెనలు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ, మరిదిగారూ, పశువుల మందా అంతా బాగున్నారని మారెన్ నోట విని సంతోషించాను. నాన్న తుపాకుల కొట్టు నా పేర రాసి పోయాడని తెలిసిన రోజు నుంచి మనకి మాటల్లేవు. ఏడేళ్లయింది. నా చేతి రాత చూడగానే చింపెయ్యాలనిపించినా చింపకు, చివరిదాకా చదువు. ఇది నీ కూతురి సంగతి. ముందే చెప్తున్నాను, పిల్లకి ఏమీ కాలేదు.

రెండు వారాల కిందట మారెన్ రైఫిలు పట్టుకుని కొట్టుకి వచ్చింది. నీకు చెప్పకుండానే వచ్చిందట. గుర్రం మీంచి పడి విరిగిన భుజం దగ్గరి కాలర్ ఎముక అతుక్కుంది గానీ, ఆ పెద్ద గుండు మాగ్నమ్ రైఫిలు తన్నే తన్నుకి ఇంకా ఓర్చుకోలేకపోతోంది.

"పేల్చిన ప్రతిసారీ ఆ గుర్రమే మళ్లీ పడేసినట్టుంది పెద్దమ్మా," అంది. "నొప్పి సంగతి అలా ఉంచు. తుపాకీ ఎగిరిపడి గురి కంటికి ఆనడం లేదు. వెయ్యి గజాల అవతల గుండు ఎక్కడ తగిలిందో కనబడకపోతే రెండోది ఎలా సవరించుకోను?"

రాష్ట్ర పోటీలో మొదటి ఇద్దరికే జాతీయ జట్టులో చోటు. అందుకని గొట్టం కొసకి మజిల్ బ్రేకు బిగించమంది. మందుగుండు గాలిని పక్కలకి మళ్లించి తన్నుని చంపే ఆ ఉక్కు తొడుగులు, నీకు కొత్తేం కాదు.

తను ఫోన్లో ఒకటి ఎంచుకుని వచ్చింది, చుట్టూ చిల్లులున్నది. "పడుకుని కాల్చేదానివి. కింద చిల్లులుంటే ఆ గాలి నేలకి కొట్టి దుమ్మంతా నీ మొహానే పడుతుంది," అన్నాను. ఇంకోటి చూపించింది, పిడికిలంత ఉంది. "అది ఫిరంగికి పెట్టుకో. పక్కన పడుకున్నవాడు నిన్ను బతకనివ్వడు," అన్నాను. చివరికి కింద మూసి ఉండి, పక్కల మూడేసి కిటికీలు, పైన రెండు సన్న చిల్లులు ఉన్నది కుదిరింది. గొట్టం లావుకి సరిపోయేది, కొస బరువెక్కనిది. లోపలి రంధ్రం మాత్రం గుండుకన్నా వెంట్రుకవాసే పెద్దదై ఉండాలని చెప్పబోయాను.

"మరీ పెద్దదైతే పనిచెయ్యదు, చిన్నదైతే పేలిపోతుంది. తెలుసులే, నేను ఆల్మా కూతుర్ని," అని నవ్వింది. ఆ నవ్వు నీదే.

పశువులు పెంచే ఓర్డాల్ కూడా తన చిన్న రైఫిలుకి అలాంటిదే కావాలన్నాడు. రెండూ ఒకే పార్సిల్లో తెప్పించాను. మరలు ఒకటే, రూపు ఒకటే, లోపలి రంధ్రమే తేడా. శుక్రవారం రెండు గొట్టాలకీ మరలు కోసి రెండూ బిగించాను. సాయంత్రం అయిదింటికి మారెన్ తన రైఫిలు తీసుకెళ్లింది. పోటీ మర్నాడే.

శనివారం పొద్దున్న ఓర్డాల్ వచ్చాడు. అతను పొయ్యి దగ్గర కాఫీ తాగుతుంటే, నేను నిదానంగా అతని గొట్టంలోంచి గుండంత లావు పరీక్ష కమ్మీ దూర్చి, బ్రేకు రంధ్రం సరిపోయిందో లేదో చూశాను. కొసన అది గలగలా ఆడింది. ఆ రంధ్రం పెద్ద గుండుది. అంటే చిన్న గుండుది మారెన్ తుపాకీ మీద ఉంది.

"ఏంటి సిగ్రిడ్, అలా అయిపోయావు?" అన్నాడు ఓర్డాల్.

ఆ బ్రేకు విప్పి జేబులో వేసుకున్నాను. "నీ బండి తియ్యి. నువ్వే నడుపు," అన్నాను. పోటీ మైదానానికి ముప్పై ఎనిమిది మైళ్ల కంకర రోడ్డు. మారెన్ ఫోను మోగలేదు, ఆ లోయలో ఎవరి ఫోనూ మోగదు. ఓర్డాల్ ఎక్కడా ఆపకుండా తొక్కాడు.

మేం చేరేసరికి కాల్పులు జరుగుతున్నాయని చెప్పే ఎర్రజెండా ఎగురుతోంది. గురి సరిచూసుకునే గుండ్లు అప్పుడే మొదలయ్యాయి. పధ్నాలుగు మంది వరసగా బోర్లా పడుకుని ఉన్నారు. మారెన్ పదకొండో చోట, మొదటి గుండు ఇంకా వదల్లేదు. "ఆపండి!" అని అరిచాను. ఆ మాట ఎవరన్నా అందరూ ఆగాలి, కానీ అందరి చెవులూ మూసి ఉన్నాయి. మైదానం చూసుకునే డ్వెయిన్ అడ్డం వస్తే తోసేసి పరిగెత్తాను. అరవై ఆరేళ్ల మోకాళ్లతో ఆ పిల్ల పక్కన కూలబడి, తన కంటికీ దుర్భిణీకీ మధ్య అరచెయ్యి పెట్టాను.

"పెద్దమ్మా! పిచ్చి పట్టిందా? నా వేలు మీట మీద ఉంది!"

కాల్పులు ఆగాయి. డ్వెయిన్ మొహం కందగడ్డలా ఉంది. "ముప్పయ్యేళ్లలో ఈ గీత దగ్గర ఎవరూ ఇలాంటి పని చెయ్యలేదు. కారణం చెప్తావా, బయటికి నడుస్తావా?"

తుపాకీ ఖాళీ చేయించి, మారెన్ తూటా ఒకటి తీసుకుని దాని గుండు ముక్కుని బ్రేకు రంధ్రంలో పెట్టాను. ముక్కు దూరింది. నడుం దగ్గర ఆగిపోయింది. పన్నెండో చోటు ముసలాయన ఆ బ్రేకు పక్క కిటికీలు సరిగ్గా తన చెవి వైపే ఉండటం చూసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

జేబులోది తీసి బిగించబోతే మర సరిగ్గా ఎక్కలేదు. మారెనే బిగించుకుంది. గురి సరిచూసుకోడానికి మూడే గుండ్లు ఇచ్చారు. దానితోనే కాల్చింది. ఒక్క దెబ్బ తేడాతో మూడో స్థానం. బండి వెనక కూర్చుని హకిల్‌బెర్రీ పళ్లు కూరిన పై ముక్క తింటూ కాసేపు ఏడ్చింది. "వచ్చే ఏడు చూసుకుందాంలే," అంది.

ఇలా ఎలా జరిగిందని డ్వెయిన్ అడిగాడు. కంపెనీ వాళ్లు పెట్టెలు తారుమారు చేసి పంపారన్నాను. అందరూ వాళ్లని తిట్టారు. "మా పెద్దమ్మ రాకపోతే నేను లేను," అని మారెన్ అందరితోనూ అంటోంది. నీతోనూ అనే ఉంటుంది.

మరిదిగారిని అడిగానని చెప్పు.

నీ అక్క,
సిగ్రిడ్

తా.క.: కవరు అంటించి, మళ్లీ విప్పాను. పెట్టెలు తారుమారు కాలేదు ఆల్మా. రెంటి మీదా అంకెలు సరిగ్గానే ఉన్నాయి, ఉక్కు మీద కూడా చెక్కి ఉన్నాయి. నేనే చదవలేకపోయాను. నా కుడికన్ను నడిమి చూపు ఇక రాదని, ఎడమదీ అదే దారి పడుతుందని డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది. ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం కమ్మీ పెట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. గొట్టంలో కమ్మీ దూర్చడానికి నేనిప్పుడు మూడు నాలుగు సార్లు తడుముకోవాలి. ఆ సాయంత్రం మారెన్ ఎదురుగా నిలబడి ఉంది. ఆ తడుములాట పిల్ల కంట పడకూడదని మానేశాను.

కంపెనీకీ డ్వెయిన్‌కీ ఉన్నదున్నట్టు రాసి ఇవాళే పోస్టులో వేశాను. కొట్టు మూసేశాను, ఇక తెరవను. మారెన్‌కి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒక్క మాట కూడా దాటెయ్యకు.