కూర్చుని తినే అదృష్టం

అమ్మకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి. ఒకటో తారీఖున ఆస్పత్రి లాండ్రీలో పని మానేస్తానని చెప్పబోతున్నావు కదా. ఆ మాట నీ నోరు దాటకముందే నా మాట నీ చెవిన పడాలి. నువ్వు పని మానడానికి కారణం నేను చెప్పిన ఒక అబద్ధం.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనేమో కుట్టత్తది. ఆవిడ దాన్ని కుట్టుమిషన్ పక్కన స్పీకర్లో పెట్టి వదిలేస్తే, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా నా క్షేమం అడుగుతారు. వాళ్లందరి ముందు నువ్వు "తిన్నావా?" అంటావు. నేను "తిన్నాను" అంటాను. అక్కడితో నా ధైర్యం అయిపోతుంది. అత్తా, ఎప్పటిలాగే చదివిపెట్టేది నువ్వే కాబట్టి నీకొక మనవి. మిషన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి, అమ్మకి మాత్రమే వినబడేలా చదువు. మధ్యలో నీ సొంత మాటలు కలపకు.

అమ్మా, మొన్నామధ్య మా ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేశారు. నా కాగితం చూసి నర్సు నన్ను పక్కకి పిలిచింది. "ఇంకా షుగరు రాలేదమ్మా, గట్టు మీద నిలబడి ఉన్నావు. అటు జారతావో ఇటు దిగుతావో నీ చేతుల్లోనే ఉంది" అంది. నా వయసు ఇంకోసారి చూసుకుని, "రోజంతా ఏం పని చేస్తావు?" అని అడిగింది. కంప్యూటర్ ముందు కూర్చుంటానని చెప్పాను. "అది ఆఫీసు పని. మరి ఒంటికి పని? ఇంట్లో ఏం చేస్తావు?" అంది. ఇంట్లో నాకు ఏనాడూ పని లేదని ఆమెకి ఎలా చెప్పను?

చిన్నప్పుడు నేను బకెట్ ఎత్తబోతే నువ్వు పరుగున వచ్చి లాక్కునేదానివి. అక్షరం పట్టిన చెయ్యి అంట్లు పట్టకూడదని నీ శాసనం. నాన్న బస్తాలు మోసేవాడు. అన్నయ్య నీళ్లు మోసేవాడు. నువ్వు ఆస్పత్రి దుప్పట్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి మడతపెట్టేదానివి. నేను మంచం మీద బాసింపట్టు వేసుకుని చదువుకునేదాన్ని. అన్నయ్యకి ఒళ్లు మండి, "ఆఫీసరమ్మగారూ, తమరు కాస్త కాళ్లెత్తితే కింద ఊడుస్తాం" అనేవాడు. నువ్వు వాడి నెత్తిన ఒక మొట్టికాయ, నా కంచంలో ఇంకో గరిటె వేసేదానివి. "మా పిల్లది కూర్చుని తినే అదృష్టం" అని వీధంతా చెప్పుకున్నావు. ఆ అదృష్టమే ఇప్పుడు నా రక్తంలో తేలింది. నిలబడి కష్టపడిన మీలో ఎవరికీ లేని జబ్బు, మీరు మోసి కూర్చోబెట్టినదానికి వచ్చి కూర్చుంటోంది. నీ ముఖం ఎదుట ఈ మాట అనాల్సి వస్తే నేను భూమిలోకి కుంగిపోయేదాన్ని.

నర్సు చెప్పినట్టు అన్నం తగ్గించి కూర పెంచాను. టీలో చక్కెర మానేశాను. బస్సు ముందే దిగి నడుస్తున్నాను. మెట్లెక్కి వచ్చి ఆయాసంతో సీట్లో కూలబడితే పక్క సీటు అక్క, "ఏమ్మా, నీకూ లిఫ్టుకీ మాటల్లేవా?" అంటుంది. ఎవరో పుట్టినరోజు కేకు పెడితే వద్దన్నాను. "సినిమాలో వేషం దొరికినట్టుంది, మనకి చెప్పదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. గది ఊడవడం కూడా ఈ వయసులో నేర్చుకుంటున్నాను. ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "చీపురు అలా పట్టుకుంటే చెత్తే నిన్ను ఊడుస్తుంది" అంది.

ఇవన్నీ తట్టుకున్నాను. నువ్వు పంపే తీపి డబ్బా దగ్గరే నాకు చేతకాలేదు. పని నుంచి వచ్చి, కాళ్లు పీకుతున్నా పొయ్యి దగ్గర నిలబడి చేసినవి కదా. మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి, ఆఫీసులో ఊడ్చే అక్కకి ఇచ్చేశాను. "ఎలా ఉన్నాయే?" అని నువ్వు ఫోన్లో అడిగితే, "ఒక్కటీ మిగల్లేదు" అన్నాను. అంతటితో ఊరుకోవలసింది. నీకు అనుమానం రాకూడదని, "ఇక్కడి తిండి సయించట్లేదమ్మా, నువ్వు పక్కనుంటే ఎంత బాగుండేదో" అని కూడా అన్నాను. ఆ ముక్క పట్టుకుని నువ్వు ఇంకా పెద్ద డబ్బా పంపావు. ఇప్పుడు ఏకంగా పనే మానుకుని, నాకు వండిపెట్టడానికి వస్తానంటున్నావు.

నిన్ను రావద్దని ఏ నోటితో అంటాను? కానీ నువ్వొస్తే నన్ను మళ్లీ మంచం మీద కూర్చోబెట్టి కంచం చేతికిస్తావు. నీ చేతి ముద్ద వద్దనే ధైర్యం నాకు లేదు. నాకు వండిపెట్టడం కోసమైతే మాత్రం పని మానకు. కోపమొస్తే తిట్టు. ఏడవకు.

సిగ్గుతో,
నీ ఆఫీసరమ్మ

*

అమ్మకు,

నీ జవాబు అందింది. కుట్టత్త నువ్వు తిట్టినవి తిట్టినట్టే రాసింది. "ఎవతే ఆ నర్సు, నా చేతి ముద్దకి వంక పెట్టేది? నువ్వు కూర్చోవాలని ఇన్నేళ్లు నేను నిలబడ్డాను. అది తప్పని ఒక కాగితం ముక్క చెబితే నేను తలూపాలా?" అన్నావు. నా ఉత్తరం చేరేలోపే మీ సూపర్‌వైజరమ్మకి చెప్పేశావట. ఈ నెలాఖరుతో ఆఖరట. తల దించుకుని చదువుకున్నాను.

నీ మాటలు అయిపోయాక, కింద చిన్న అక్షరాలతో అత్త ఇలా రాసింది. "ఇక్కణ్ణించి నా సొంతం. కలపొద్దన్నావు గానీ కలుపుతున్నా. నీ ఉత్తరం విన్నాక వదిన పైన రాసినవన్నీ తిట్టింది. తర్వాత మీ నాన్న సంగతి ఎత్తింది. 'కాలికి చెప్పు కరిచిన పుండు ఆయన పోయేదాకా మానలేదు గదా, అదీ ఇదేనంటావా?' అని నన్నడిగింది. నాకేం తెలుసు, నేను జేబులు కుట్టేదాన్ని. చెంబెడు నీళ్లు గటగటా తాగేసి వెళ్లిపోయింది. ఈమధ్య ఎప్పుడు చూసినా నీళ్లే."

అమ్మా, పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. నర్సు ఇంకో ప్రశ్న కూడా అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అంది. "ఎవరికీ లేదండీ, అందరూ కష్టం చేసుకునేవాళ్లే" అన్నాను, కాస్త గొప్పగానే. "ఎవరైనా పరీక్ష చేయించుకున్నారా?" అంది. లేదన్నాను. ఆమె "తెలియదు" అని రాసుకుంది. మనల్ని ఏమీ తెలియనివాళ్లుగా జమకట్టిందని నాకు చిన్నతనంగా అనిపించి, నీకు రాయలేదు. ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే చదువుకున్నాను. లేదు అనడానికీ తెలియదు అనడానికీ మధ్య తేడా నాకే తట్టలేదు.

నిన్న మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లి నాన్న పుండు సంగతి, నీ నీళ్ల సంగతి చెప్పాను. "నాన్నగారిది ఏమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. నిలబడి పనిచేసేవాళ్లకి ఇది రాదని మాత్రం నీకెవరు చెప్పారు? ఇంటి వరసలో కూడా వస్తుంది. ముందు మీ అమ్మకి పరీక్ష చేయించు" అంది. ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. ఇన్నాళ్లూ నా నడక, నా కంచం, నా మెట్లు, నా సిగ్గు. అందులో నీకు ఎక్కడా చోటే లేదు.

ఆ ఆస్పత్రి దుప్పట్లన్నీ నీ చేతుల మీదుగానే పోతాయి. నీ రక్తం మాత్రం ఒక్కసారైనా వాళ్ల చేతికి పోలేదు. అన్నయ్య చేత కనుక్కున్నాను. పనిలో ఉన్నన్నాళ్లూ మీకు పరీక్ష చేసి డబ్బులేమీ తీసుకోరట. నెలాఖరు దాటితే నువ్వు బయటి మనిషివి. ఈ వారంలోనే వెళ్లు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లాలి. టీ కూడా తాగకూడదు. "ఒక్క గుక్కే కదా" అనకు. అన్నయ్య తోడు వస్తాడు. వాడికి సూదంటే భయం కాబట్టి వాడి చెయ్యి నువ్వే పట్టుకోవాల్సి రావచ్చు. వాడికి కూడా చేయించు.

పని మానడం గురించి ఇక మాట్లాడను, అది నీ ఇష్టం. నిలబడి నిలబడి అలసిపోయావేమో అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్ష అయ్యాక రా. కూరగాయలు నేను తరుగుతాను. వంకరగా తరిగానని నువ్వు తిట్టు, పడతాను. ఇద్దరం ఒకే రకం తిండి తినాల్సి వస్తే తిందాం. ఒకళ్లు నిలబడి వడ్డించడం, ఒకళ్లు కూర్చుని తినడం ఇక వద్దు.

ఇరవై అయిదో తారీఖులోగా జవాబు రాయించు. అత్తా, "అంతా బాగానే ఉందని రాసెయ్" అంటుంది అమ్మ. నువ్వు రాయకు. రిపోర్టు నీ చేత్తో తీసుకుని, అందులో ఏ అంకె ఉందో ఆ అంకె రాయి.

నీ కూతురు