పోచంపల్లి తగలని దారులు

నవంబరు 2004, ఆదివారం రాత్రి, అమీర్‌పేట

ఇవాళ శ్రీను చెరువుగట్ల మీదుగా చుట్టూ తిప్పి కొలనుపాక గుడికి తీసుకెళ్లాడు. ఆ మంచు, ఆ కొంగలు ఇంకా కళ్లలోనే తేలుతున్నాయి. పెళ్లయ్యాక ఎన్ని కోటలు, ఎన్ని గుళ్లు చూపించాడో! తను పుట్టిన పోచంపల్లి మాత్రం ఏ దారిలోనూ తగలనివ్వడు. జావా క్లాసులో కలిసిన గోదావరి పిల్లను చేసుకున్నాడని వాళ్లమ్మ మాట్లాడటం మానేసింది కదా.

వచ్చేటప్పుడు మాత్రం పోచంపల్లి మలుపులో కారు ఆపాడు.

"ఏంటి శ్రీనూ, వెళ్దామా?"

"వద్దు. గీ యాళకు అమ్మ మగ్గం మీద ఉంటది. జర సేపు గిట్లనే కూసుందాం."

అద్దాలు దించాడు. ఊరు కనిపించనంత దూరం. అయినా ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం.

పంజాగుట్టలో డ్రైవింగ్ స్కూలు బోర్డు కనిపించింది. రేపే చేరతాను. నడిపేది నేనైతే ఆ మలుపులో ఆపను...