కదలని ఒక్క షాటు

చిట్టితల్లీ,

నువ్వు కెమెరా పట్టిన రాక్షసి సినిమా నిన్న మ్యాట్నీకి చూశాం. ఉన్నమాట చెబుతున్నా, ఏమీ బాగాలేదు. ఆ కెమెరా కుదుపులకు నాకు కళ్లు తిరిగాయి. రాక్షసి తోక తప్ప ఏమీ కనపడలేదు. మీ అమ్మ వాంతి వస్తుందేమోనని ఒళ్లో కవరు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

కానీ చివర్లో ముసలామె గుమ్మంలో కూర్చునే చోట బొమ్మ ఇసుమంతైనా కదల్లేదు. సినిమా అంతా కెమెరా వణకాలన్న డైరెక్టరు, ఒక్క షాటులో వణకలేదని తిట్టాడన్నావే, అదే కదూ? తిట్టినవాడే దాన్ని కత్తిరించలేకపోయాడు చూశావా! చిన్నప్పుడు నిండు నీళ్లగ్లాసు అరచేతిలో పెట్టి, చుక్క ఒలక్కుండా నిన్ను మన ఫోటో స్టూడియో మెట్లెక్కించింది ఊరికే పోతుందా?

మీ అమ్మను మోచేత్తో పొడిచి, "కళ్లు తెరువు, ఇది మన పిల్ల చెయ్యి" అన్నాను. తెరిచింది. ఆ షాటు అయ్యేదాకా రెప్ప వెయ్యలేదు.

ఇంకోసారి తిడితే, తప్పు మా నాన్నదని చెప్పు.

నాన్న