ఫ్రీడా గారి చెల్లెలు

ఫిబ్రవరి 6, పిస్కాటవే

ఫ్రీడా గారితో మూడో ఇంటర్వ్యూ అయింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. నాజీల కాలంలో కన్యాస్త్రీల కాన్వెంట్లలో దాక్కుని బతికిన యూదు ఆడపిల్లల మీదే నా థీసిస్. ఆరేళ్లప్పుడు ఈవిడను సిస్టర్లు దాచారు. పేరు మార్చారు, మెడలో సిలువ వేశారు, లాటిన్‌లో మేరీమాత ప్రార్థన బట్టీ పట్టించారు. తడబడితే పట్టుకుపోతారని చెప్పారట.

నాలుగేళ్ల చెల్లెలు తల్లితో నాజీ క్యాంపుకి పోయే రైలెక్కింది. తిరిగి రాలేదు. ఆ పిల్ల పేరు ఇవాళ చెప్పారు. కూతురు లీయాకి కూడా ఇంతవరకు చెప్పలేదట. తాను అనుమతి ఫారం మీద సంతకం పెట్టేదాకా ఏదీ బయటికి పోకూడదన్నారు, తన పేరుతో సహా. మాటిచ్చాను.

ఫిబ్రవరి 9

ఫ్రీడా గారికి న్యుమోనియా. హాస్పిటల్‌లో చేర్చారు. నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే లేచి నిలబడ్డాను. పుట్టినప్పటి నుంచి అలవాటు, ఎవరికి జబ్బు చేసినా పేరు చెప్పి ప్రార్థించమనడం. పేరు, హాస్పిటల్, రూమ్ నంబర్ అన్నీ చెప్పేశాను. అందరూ గొంతెత్తి ప్రార్థిస్తుంటే ఏడ్చాను, మనసు తేలికపడింది. ఇచ్చిన మాట తట్టనే లేదు.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

చర్చి నుంచి దేవకుమారి ఆంటీ ఫోన్. హాస్పిటల్‌కి వెళ్లి, ఆవిడ నుదుటికి నూనె రాసి, యేసు నామంలో ప్రార్థించారట. ఆ పెద్దావిడ కళ్లు మూసుకుని గడగడా అన్యభాషల్లో మాట్లాడిందమ్మా, ఆత్మ దిగిందమ్మా అని ఒకటే సంబరం.

అవి అన్యభాషలు కావు. లాటిన్. ప్రాణభయంతో ఆరేళ్లప్పటి పాఠం అప్పజెప్పింది.

సాయంత్రం

లీయా ఫోన్. అరవలేదు. అరిచినా బాగుండేది. అమ్మ ఆ కాన్వెంట్‌లో పెట్టిన పేరే తన పేరని చెబుతోందట, కన్నకూతుర్ని సిస్టర్ అని పిలుస్తోందట. సంతకం లేదు కాబట్టి అన్నీ డిలీట్ చేయమంది. మీ పిన్ని పేరు అనబోయాను. నా నోటి నుంచి ఒక్క ముక్క వినను అని పెట్టేసింది. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్.

ఫిబ్రవరి 15

యూనివర్సిటీ ఎథిక్స్ ఆఫీస్ కూడా అదే చెప్పింది. ఆడియో, నోట్స్, బ్యాకప్ అన్నీ డిలీట్ చేశాను. అడ్వైజర్ టాపిక్ మార్చుకోమన్నారు. టాపిక్కట! ఆంటీ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. రూమ్ నంబర్ ఇచ్చింది నేనేగా. ఛీ, నా బతుకు.

ఫిబ్రవరి 23

ఫ్రీడా గారు నిన్న పోయారు. ఆ పిల్ల పేరు తెలిసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే.

ఇవాళ రోడ్డు దాటేముందు రెండు వైపులా మూడుసార్లు చూసుకున్నాను.